‘బాగుంది’ అంటే కుదరదు!

బొమ్మ వేయడం సగం పనే. దాని ముందు నిలబడి ఏం కనిపిస్తోందో, ఎందుకలా ఉందో చెప్పగలగడం మిగతా సగం. హైటెక్ సిటీ చుట్టుపక్కల కొన్ని హైస్కూళ్లలో ఆ రెండో సగానికీ ఓ పీరియడ్ ఉంది. ఆ పక్కనే ఉన్న మరికొన్ని బళ్లలో మొదటి సగానికే దిక్కులేదు.

రెండు కొండలు. వాటి మధ్య నుంచి లేచే సూర్యుడు. కొండల్లోంచి వంకర్లు తిరుగుతూ వచ్చే ఏరు. ఏటి ఒడ్డున గుడిసె, దాని పక్కన ఓ కొబ్బరిచెట్టు, పైన నాలుగు పిట్టలు. తెలుగునాట ఏ పిల్లాడి చేతికి కాగితమిచ్చి బొమ్మ గీయమన్నా వచ్చేది ఇదే. వాళ్ల అమ్మానాన్నలూ ఇదే వేశారు. తాతయ్యలూ ఇదే వేసుంటారు. కొండాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో ఇరవయ్యో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఇదే వేస్తున్నారు. వాళ్లలో గుడిసెను దగ్గర్నుంచి చూసినవాళ్లు ఎందరుంటారు?

మంచి డ్రాయింగ్ టీచరు మొట్టమొదట అడిగేది అదే. ‘ఈ గుడిసె ఎక్కడుంది నాన్నా?’ అని. పిల్లాడి దగ్గర జవాబుండదు. ఎందుకంటే అది కంటితో చూసింది కాదు, ఇంకో బొమ్మలోంచి వచ్చింది. ‘సరే, మీ బాల్కనీలోంచి ఏం కనబడుతుందో రేపు అది వేసుకురా’ అంటారు. మర్నాడు వచ్చే బొమ్మలో క్రేన్ ఉంటుంది. సగం కోసిన బండరాయి ఉంటుంది. నీళ్ల ట్యాంకరు, సెక్యూరిటీ తాత కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ, అతని గొడుగు ఉంటాయి. గీతలు వంకరగానే ఉంటాయి. కుర్చీకి ఓ కాలు పొట్టిదవుతుంది. అయినా ఆ బొమ్మ ఆ పిల్లాడిది. హైస్కూలు స్థాయిలో చిత్రకళ పాఠం నిజంగా మొదలయ్యేది ఇక్కడే.

గోడకు అంటించాక...

అసలు కథ ఆ తర్వాత ఉంటుంది. క్లాసులో పిల్లలంతా వేసిన బొమ్మల్ని గోడకు వరసగా అంటిస్తారు. దీన్ని ‘క్రిటిక్’ అంటారు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఎప్పట్నుంచో ఉన్నదే, ఇప్పుడు తొమ్మిది, పది తరగతుల దాకా దిగొచ్చింది. నియమాలు తక్కువే గానీ కచ్చితంగా ఉంటాయి. బొమ్మ వేసిన పిల్లో పిల్లాడో మొదట నోరు విప్పకూడదు. ‘అది కాదు సార్, నేననుకున్నదేంటంటే...’ అని సంజాయిషీ ఇవ్వకూడదు. చూసేవాళ్లు ‘బాగుంది’, ‘సూపర్’, ‘బాలేదు’ అనకూడదు. ముందు కళ్లకు కనబడుతున్నదేంటో చెప్పాలి. అంతే.

చెప్పడానికేముంది అనిపిస్తుంది. తీరా నిలబెట్టి అడిగితే పెద్దవాళ్లకే రెండు వాక్యాలు దాటవు. ‘ఒకమ్మాయి కిటికీ దగ్గర కూర్చుంది, బాధగా ఉంది’ అంటారు. బాధగా ఉందని ఎలా తెలిసింది? మొహం కనబడటం లేదే! అప్పుడు మళ్లీ చూస్తారు. భుజాలు వంగి ఉన్నాయి. గదంతా నీలం, కిటికీ అవతల మాత్రమే పసుపు. అమ్మాయిని కాగితంలో ఓ మూలకు నెట్టేసి మిగతాదంతా ఖాళీగా వదిలేశారు. ఇదీ సాక్ష్యం. ఈ మాట విన్నాక బొమ్మ వేసిన పిల్ల మొహం చూడాలి. ఆ ఖాళీని తను కావాలని వదిలిందో, టైము చాలక వదిలేసిందో తనకే తెలీదు. ఈసారి మాత్రం తెలిసే వదులుతుంది.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ అనే కళాబోధకుడు బొమ్మను చూడటానికి నాలుగు మెట్లు చెప్పాడు. ఉన్నదేంటో చెప్పడం, అవి ఎలా అమరాయో విడదీయడం, అర్థమేంటో ఊహించడం, చివరికి తీర్పు. మనం సాధారణంగా చివరి మెట్టు మీద నుంచి మొదలుపెడతాం! న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వవేత్త అబిగైల్ హౌసన్‌తో కలిసి దీన్ని ఇంకా తేలిక చేశాడు. టీచరు మూడే ప్రశ్నలు అడగాలి. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏమేం కనబడుతున్నాయి? ఈ మూడింట్లో రెండోదే ప్రాణం. తెలుగు మాస్టారైనా, సైన్సు టీచరైనా క్లాసులో వాడుకోదగ్గ ప్రశ్న అది.

మన దగ్గర చిక్కు మాటతోనే వచ్చింది. విమర్శ అనగానే తిట్టడం, తప్పులు పట్టడం అనుకుంటాం. అసలు అర్థం అది కాదు. ‘మృశ్’ అనే సంస్కృత ధాతువు నుంచి పుట్టింది ఆ మాట. తాకడం, తడిమి చూడటం అని దానర్థం. మంచం పట్టినవాళ్లను వెళ్లి ‘పరామర్శ’ చేస్తామే, ఆ మాటా ఆ ఇంటి ఆడపడుచే. అంటే విమర్శించడమంటే బొమ్మను పరామర్శించడమన్నమాట.

ఏడుపులు ఉండవా అంటే, ఉంటాయి. పదిహేనేళ్ల వయసులో తను వేసిన బొమ్మ మీద ఇరవైమంది మాట్లాడుతుంటే నోరు మూసుకుని నిలబడటం చిన్న సంగతి కాదు. స్నేహితుల బొమ్మను స్నేహితులు మెచ్చుకుంటారు, పడనివాడి బొమ్మకు వెటకారం వస్తుంది, బాగా గీసే పిల్ల ముందు మిగతావాళ్లు ముడుచుకుపోతారు. అందుకే కొందరు టీచర్లు మొదటి రెండు నెలలూ పిల్లల బొమ్మల జోలికే పోరు. పేరున్న చిత్రకారుల బొమ్మల మీదే మాటలు సాధన చేయిస్తారు. తర్వాత పేర్లు కనబడకుండా పిల్లల బొమ్మలు అతికిస్తారు. నోటితో కాకుండా చిన్న చీటీల మీద రాసి పక్కన అంటించమంటారు. అలవాటయ్యాక సిగ్గు పోతుంది. ఆ అలవాటు పడేదాకా ఓపిక పట్టే టీచర్లు తక్కువ, సిలబస్ అంతకంటే ఓపిక పట్టదు.

విచిత్రమేంటంటే, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ పని కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రోజూ చేసేదే. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి ‘ఈ లైను ఎందుకు?’ అని అడుగుతారు. వ్యాఖ్య కోడ్ మీదే, రాసినవాడి మీద కాదు. దాన్ని కోడ్ రివ్యూ అంటారు. యాప్ తెర మీద బటన్ ఎక్కడుండాలో గంటలకొద్దీ చర్చించే డిజైన్ రివ్యూ కూడా అంతే. ఆఫీసులో రివ్యూ చేసొచ్చిన నాన్నే ఇంటికొచ్చాక ‘ఈ ఆర్ట్ క్లాసు దేనికి, ఆ టైములో లెక్కలు చేసుకోవచ్చుగా’ అంటాడు.

రాయిని కాదు, ఆకాశాన్ని గీయండి

చూడటం నేర్పడానికి ఈ ప్రాంతంలో ఉన్నంత ముడిసరుకు ఎక్కడా దొరకదు. హైదరాబాద్ రాళ్లకు సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసు. నేలలోపల గట్టిపడిన గ్రానైట్ పైకి తేలి, పగుళ్ల వెంట అరిగి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడింది. ఖాజాగూడ గుట్టల్లో, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇప్పటికీ చూడొచ్చు. విశ్వవిద్యాలయంలో పుట్టగొడుగు ఆకారంలో ఉన్న రాయి ముందు ఫొటో దిగని విద్యార్థి ఉండడు. 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది ఇలాంటివాటిని కాపాడుకోవడానికే. కాపాడుకోగలిగినవి కొన్నే. టవర్ల పునాదుల్లో కలిసిపోయినవి లెక్కలేనన్ని.

రాయిని గీయమంటే పిల్లలు మొదట బంగాళదుంప గీస్తారు. మెదడులో ‘రాయి’ అనే గుర్తు ఉంటుంది, చెయ్యి దాన్నే దించేస్తుంది. ఆ గుర్తును చెరపడానికి టీచర్ల దగ్గర పాత చిట్కాలున్నాయి. ఒకటి, కాగితం వంక చూడకుండా గీయడం. చూపు రాయి అంచు వెంట చీమలా పాకుతుంటే, పెన్సిలూ అదే వేగంతో పాకాలి. అమెరికన్ గురువు కిమోన్ నికొలాయిడిస్ పాఠాలతో 1941లో వచ్చిన పుస్తకం ఈ అభ్యాసాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. వచ్చే బొమ్మ చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ గీతలో ఓ ప్రాణం ఉంటుంది. ఇంకోటి, రాయిని వదిలేసి రెండు రాళ్ల మధ్య కనబడే ఆకాశం ముక్కను గీయడం. ఆ ముక్కకు పేరు లేదు. పేరు లేనిదాన్ని కల్పించి గీయలేం, చూసే తీరాలి. ఆకాశం సరిగ్గా పడితే రాయి దానంతటదే నిలబడుతుంది. 1979లో వచ్చిన బెటీ ఎడ్వర్డ్స్ పుస్తకం ఈ కిటుకును ఇంటింటికీ చేర్చింది. చాలామంది పెద్దవాళ్లు పదేళ్ల వయసులో గీసినట్టే జీవితమంతా గీస్తారని కూడా ఆవిడ అంటుంది. ఆ వయసులో ‘నాకు రాదు’ అని పెన్సిల్ పక్కన పడేస్తాం కాబట్టి.

పాఠంలో ఉన్నాయన పక్క ఊరాయనే!

సీబీఎస్‌ఈ బళ్లలో పదకొండు, పన్నెండు తరగతుల్లో పెయింటింగ్‌ను ఓ సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ప్రాక్టికల్స్‌కు 70 మార్కులు, భారతీయ కళా చరిత్రకు 30. పన్నెండో తరగతి పాఠాల్లో మొగల్, రాజస్థానీ, పహాడీ శైలులతో పాటు దక్కన్ శైలి ఉంది. చాంద్‌బీబీ గుర్రమెక్కి చౌగాన్ ఆడుతున్న గోల్కొండ చిత్రం అందులో ప్రసిద్ధం. చౌగాన్ అంటే ఇప్పటి పోలో. రాయదుర్గంలో మెట్రో దిగే కుర్రాడికి గోల్కొండ అంటే ట్రాఫిక్, సౌండ్ అండ్ లైట్ షో. అక్కడ ఒకప్పుడు ఓ చిత్రశైలి వర్ధిల్లిందనీ, ఆ గులాబీ, బంగారు రంగులు తను చదివే పాఠమనీ చాలామందికి పుస్తకం తెరిచాకే తెలుస్తుంది.

అదే పుస్తకంలో ఆధునిక ముద్రణ చిత్రాల దగ్గర ‘మ్యాన్, వుమన్ అండ్ ట్రీ’ ఉంటుంది. చిత్రకారుడు కె.లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని వచ్చి, తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో పాఠాలు చెప్పారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. దిల్లీ విద్యార్థికి ఆయన పేరు కంఠతా పట్టాల్సిన ఓ ప్రశ్న. గచ్చిబౌలి విద్యార్థికి మాత్రం బస్సెక్కి వెళ్లి చూడగలిగేంత దగ్గర్లో ఉన్న పల్లె మనుషులు, మేకలు, చెట్లు.

ఇలాంటి బొమ్మను పుస్తకంలో అగ్గిపెట్టెంత సైజులో చూస్తే సగమే తెలుస్తుంది. ఎచింగ్ అంటే లోహపు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. గీసిన చోటల్లా ఆమ్లం రేకును తినేస్తుంది. ఆ గాడుల్లో సిరా నింపి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో నొక్కుతారు. గీత లోతు, ఆమ్లంలో ఉంచిన సమయం, సిరా తుడిచిన తీరు... అన్నీ నలుపులో తేడాలు తెస్తాయి. బడిలో ఆమ్లాలు కుదరవు కాబట్టి పిల్లల చేత లినోలియం చెక్కించి అచ్చు వేయిస్తారు. బొమ్మ కుడిఎడమలు తిరగబడి వస్తుందని మొదటి అచ్చు తీశాకగానీ తెలిసిరాదు. తన పేరు చెక్కుకున్నవాడికి మరీ బాగా తెలుస్తుంది!

ఎనిమిది గంటల పరీక్ష

ఖాజాగూడలో ఓక్రిడ్జ్, కొండాపూర్‌లో చిరెక్ లాంటి బడులతో ఐబీ చదువులు ఐటీ కారిడార్‌కు దగ్గరయ్యాయి. కేంబ్రిడ్జ్ పరీక్షలూ వచ్చాయి. విదేశాల నుంచి తిరిగొచ్చిన ఉద్యోగులు, మళ్లీ ఎప్పుడు ఏ దేశం వెళ్తామో తెలియనివాళ్లు వీటిని కోరుకున్నారు. ఫీజుల సంగతి చెప్పుకోకపోవడమే మేలు. చిత్రకళ విషయంలో మాత్రం ఈ చదువుల తీరు గమనించదగ్గది. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ ఆర్ట్ అండ్ డిజైన్‌లో చివరి పరీక్ష ఎనిమిది గంటలు. ప్రశ్నపత్రం ముందే చేతికిస్తారు. వారాల తరబడి ఆలోచించి, చిత్తుబొమ్మలు వేసుకుని, వాటిని వెంట తెచ్చుకుని మరీ పరీక్ష రాయొచ్చు. అంటే గుట్టు విప్పేసిన పరీక్షన్నమాట. అయినా కష్టమే, ఎందుకంటే మార్కులు చివరి బొమ్మకే కాదు, అక్కడికి చేరిన దారికీ పడతాయి.

ఐబీ డిప్లొమాలో ఇది ఇంకా స్పష్టం. 2016 నుంచి పరీక్షలు జరిగిన పద్ధతిలో ప్రదర్శనకు 40 శాతం, చిత్తు ప్రయత్నాలూ తప్పటడుగులూ చూపించే పోర్ట్‌ఫోలియోకు 40, వేర్వేరు సంస్కృతుల చిత్రకారుల్ని పోల్చి రాసే అధ్యయనానికి 20 శాతం ఉండేవి. 2025లో చేరిన పిల్లలకు కొత్త పాఠ్యక్రమం మొదలైంది. వాళ్లకు తొలి పరీక్షలు 2027లో. పేర్లు మారినా పట్టు అదే. ఏం వేశావు అన్నదానితో పాటు ఎలా వెతికావు, ఎవరిని చూసి నేర్చుకున్నావు, నీ బొమ్మకు వాళ్ల బొమ్మతో చుట్టరికమేంటి అని అడుగుతారు.

దీనికో చీకటి కోణం ఉంది. మార్కులు దారికీ పడతాయని తెలిస్తే, మన పిల్లలు దారిని కూడా తయారుచేయగలరు! ముందు బొమ్మ పూర్తిచేసి, తర్వాత తీరిగ్గా ‘చిత్తు ప్రయత్నాలు’ గీసి తగిలించే తెలివి ఎక్కడైనా ఉంటుంది. 2022 తర్వాత నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ పుట్టించే సాఫ్ట్‌వేర్లు వచ్చిపడ్డాయి. అలాంటి సాంకేతికత మీదే పనిచేసే అమ్మానాన్నలున్న ఇళ్లివి. నిషేధించి లాభం లేదని టీచర్లకు తెలుసు. గోడ ముందు నిలబెట్టి ‘ఇక్కడ ఈ ఎరుపు ఎందుకు?’ అని అడిగితే మాత్రం తేలిపోతుంది. యంత్రం వేసిన బొమ్మను కూడా గోడకు అంటించి అదే మూడు ప్రశ్నలు అడిగితే క్లాసు ఇంకా రంజుగా సాగుతుంది.

రాజమండ్రిలో ఓ దొర

ఇవన్నీ పరాయి దేశాల పద్ధతులేనా అంటే, మన దగ్గర వందేళ్ల కిందటే ఓ కథ నడిచింది. ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిష్ దొర రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. తనూ బొమ్మలు వేస్తాడు, రాస్తాడు. పుస్తకాల చదువు మీద కంటే బొమ్మల మీద ధ్యాస ఎక్కువున్న ఓ కుర్రాడు ఆయన కంటపడ్డాడు. పేరు దామెర్ల రామారావు. ఇంకో శిష్యుడు అడివి బాపిరాజు. కూల్డ్రే వాళ్లకు గీతలు దిద్దడంతో సరిపెట్టలేదు, అజంతా చూపించాడు. గుహ గోడల ముందు నిలబెట్టి మన బొమ్మల్ని మనవాళ్లకు పరిచయం చేసిన పరాయివాడు ఆయన. తర్వాత రామారావును బొంబాయి జె.జె.స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపాడు. చదువు ముగించుకుని రాజమండ్రి తిరిగొచ్చిన రామారావు తనే ఓ చిత్రకళాశాల మొదలుపెట్టాడు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు. ఆ బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. బాపిరాజు సంగతి తెలిసిందే. నవలలు రాశాడు, బొమ్మలు వేశాడు, బందరు జాతీయ కళాశాలలో పిల్లలకు నేర్పాడు.

ఒక కుర్రాడు చిత్రకారుడు కావడానికి పాఠ్యప్రణాళిక ఏదీ అక్కర్లేకపోయింది. చూసి గుర్తుపట్టిన ఒక కన్ను సరిపోయింది. కానీ ఆ కన్ను ప్రతి ఊళ్లో ఉండదు కదా.

గేటు అవతల

హైటెక్ సిటీ పుట్టకముందు నుంచీ మాదాపూర్, రాయదుర్గం, కొండాపూర్ పల్లెలే. వాటి ప్రభుత్వ బడులూ ఉన్నాయి. టవర్లు కట్టే కూలీల పిల్లలు, అపార్ట్‌మెంట్లలో పనిచేసేవాళ్ల పిల్లలు చదివేది ఇలాంటి బడుల్లోనే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి కావాలంది. 2009 విద్యాహక్కు చట్టం వందమందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత బడిలో కళలకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం కళల్ని అన్ని పాఠాల్లో కలపమంది. రాష్ట్ర బడుల్లో కళలు, సాంస్కృతిక విద్య సహపాఠ్యాంశంగా ఉంది. కాగితాల మీద లోటేమీ లేదు. అన్ని బడుల్లోనూ డ్రాయింగ్ మాస్టారు మాత్రం లేరు. ఉన్నచోట కూడా ఆ పీరియడ్ పరీక్షలు దగ్గరపడగానే లెక్కలకో ఇంగ్లిష్‌కో వెళ్లిపోతుంది. పదో తరగతి తర్వాత ఎంపీసీ, బైపీసీ కోచింగ్‌ల్లో ఎటూ ఉండదు. రంగులు అటకెక్కుతాయి.

డ్రాయింగ్ మాస్టార్లను తయారుచేసే పద్ధతీ పాతదే. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయాలి, తర్వాత టీచర్ సర్టిఫికెట్ కోర్సు చేయాలి. చేతి గీత శుభ్రంగా ఉండటానికి ఇవి పనికొస్తాయి. వేసిన బొమ్మ గురించి పిల్లల చేత మాట్లాడించడం ఎలాగో వాటిల్లో ఉండదు. అలాగని ఆ మాస్టార్లను తక్కువ చేయకూడదు. నల్లబల్ల మీద ఒక్క ఊపులో భారతదేశం పటం గీసి, సున్నా చుడితే వృత్తలేఖిని సిగ్గుపడేలా చుట్టిన మాస్టారు చాలామంది జ్ఞాపకాల్లో ఉన్నారు.

నిజానికి క్రిటిక్‌కు ఖర్చు లేదు. గోడ కావాలి, పావుగంట కావాలి. బొగ్గుముక్క, ఇటుకపెళ్ల, పాత పేపరుతో వేసిన బొమ్మ మీదా అవే మూడు ప్రశ్నలు అడగొచ్చు. శిల్పారామం పక్కనే ఉంది. ఆదివారం మగ్గం ముందో, కుమ్మరి సారె ముందో నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే ఎవరూ వద్దనరు. కావూరి హిల్స్‌లో ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఒక హాలు మొత్తం పది నిమిషాల్లో చుట్టేసే బదులు ఒకే బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడమని టీచర్లు చెబుతుంటారు. మూడో నిమిషానికి విసుగొస్తుంది. ఐదో నిమిషం దాటితే కొత్తవి కనబడటం మొదలవుతుంది.

తర్వాత ఏమవుతారు?

‘బొమ్మలు కూడు పెడతాయా?’ అన్న ప్రశ్న ఈ ప్రాంతంలో కొంచెం రూపు మార్చుకుంది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైతే, దాని దగ్గర్లోనే ఉన్న నిఫ్ట్ హైదరాబాద్‌కు 1995లోనే వచ్చింది. మాసబ్‌ట్యాంక్‌లో 1940 నాటి ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. పెయింటింగ్, శిల్పంతో పాటు అప్లయిడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ కూడా అక్కడున్నాయి. యాప్‌లకూ గేమ్‌లకూ బొమ్మలు కావాలి కాబట్టి తల్లిదండ్రులు ‘డిజైన్’ అంటే ఒప్పుకుంటున్నారు. ‘పెయింటింగ్’ అంటే ఇంకా ఆలోచిస్తున్నారు. పిల్లలకూ ఈ తేడా తెలుసు. అందుకే ఇంట్లో డిజైన్ అని చెప్పి, లోపల పెయింటింగ్ అనుకునేవాళ్లుంటారు.

ఏడాది చివర బడుల్లో ప్రదర్శన పెడతారు. ప్రతి బొమ్మ పక్కనా చిన్న కార్డు ఉంటుంది. పేరు, రంగులు, ఎందుకు వేశామో నాలుగు వాక్యాలు. చూడటానికి వచ్చే తాతయ్యలు, నాయనమ్మలు ఆ ఇంగ్లిష్ కార్డు జోలికి పోరు. నేరుగా బొమ్మ ముందుకెళ్లి, మనవరాలి వంక తిరిగి, ‘ఇదేంటమ్మా, ఈ కుర్చీకి ఓ కాలు పొట్టిగా ఉందేం?’ అని అడుగుతారు. అప్పుడా పిల్ల రెండు నెలలు నేర్చుకున్న నియమం ప్రకారం వెంటనే జవాబివ్వదు. ‘ఇంకా ఏం కనబడుతోంది నానమ్మా?’ అంటుంది.